లాజరు మొహమాటం, బండి వేడి

మా ఆయన లాజరు కువైట్‌లో పదేళ్ళు కార్లు తోలి వచ్చిన మనిషి. ఆ ఎండల్లో ఆయన చేతికింద ఒక్క బండీ పొగలు కక్కలేదు. మరి ఇక్కడ, కొబ్బరితోటల నీడలో, కాలవ గట్టు మీద, అమలాపురం చేరకుండానే ఇంజను ఎందుకు మరిగిపోవాలి? రెండువేల అయిదు వేసవంతా నా బుర్ర తినేసిన ప్రశ్న ఇదే.

తిరిగొచ్చాక ఆయన సెకండ్ హ్యాండులో ఒక టర్బో డీజిల్ బండి కొన్నారు. పెళ్ళిళ్ళకీ, ఆసుపత్రులకీ, శనివారాలు వాడపల్లి గుడికి వెళ్ళేవాళ్ళకీ కిరాయికి తిప్పేవారు. రోజూ కాలవ దగ్గర దాని ముఖం కడిగి, తుడిచి, మురిసిపోయేవారు. నా ముఖం వైపు అంత శ్రద్ధగా ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

వేడి ముల్లు ఎర్రగీత దాకా ఎక్కిన ప్రతిసారీ ఇంటికొచ్చి, బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి దుమ్ము దులిపేవారు. "దానమ్మా, బండి పోతే మళ్ళీ కువైటేనే" అని నాతో అనేవారు. పదేళ్ళు ఫోను చెవిన పెట్టుకుని కాపురం చేశాను. ఇంకోసారి నావల్ల కాదు.

పైగా వీధిలో ప్రతివాడూ బండి డాక్టరే. ఒకరు థర్మోస్టాటు పీకించమన్నారు, పీకించారు. ఇంకొకరు కూలెంటు మార్చమన్నారు, మార్చారు. చర్చి సంఘంలో ప్రార్థన చేయించిన బండికే, పక్కింటి కామాక్షిగారు చెప్పారని నిమ్మకాయా మిరపకాయలూ కట్టించుకొచ్చారు. ఎవరికీ కాదనలేరు, అదీ ఆయన జబ్బు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అన్నారా?

చివరికి మెకానిక్ వీరవెంకటరమణ, "ఇంజను హెడ్డు దింపి చూడాలండి" అన్నాడు. హెడ్డు దింపడమంటే బోలెడు ఖర్చు, సగం కువైట్ టిక్కెట్టు కొన్నట్టే. నేనూ వెంటపడి షెడ్డుకి వెళ్ళాను.

హెడ్డు జోలికి పోకముందు రమణ బండి ముందుభాగం విప్పాడు. ముందు వరసలో టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు, దాని వెనకే నీళ్ళు చల్లార్చే రేడియేటరు. ఆ రెండింటి సందులో పరుపు కుట్టినట్టు పొట్టు! దురద పుట్టించే మినపపొట్టు.

"రోజూ ముందునుంచే కడుగుతున్నారు గానీ, సందులోది అలాగే ఉండిపోయిందండి. గాలాడకపోతే రేడియేటరు మాత్రం ఏం చేస్తాదండి? ఇంత పొట్టు ఎక్కడ తొక్కేరండి?" అన్నాడు రమణ.

ఎక్కడో నాకు తెలుసు. మా తమ్ముడు ప్రేమ్ కుమార్ ఉప్పలగుప్తం రోడ్డు మీద కోసిన మినపచేను పరిచి, వచ్చేపోయే బండికల్లా తొక్కమని చెయ్యూపుతాడు. అందరూ ఒకసారి తొక్కి పోతారు. మా ఆయన మాత్రం, "బావగారూ, ఇంకో నాలుగు చుట్లండి" అని వాడంటే చాలు, "ఆయ్" అని గింజ రాలేదాకా గానుగెద్దులా తిరుగుతారు. అది చూసి పక్క రైతులూ ఆపేవారు. ఊరి మినుమంతా మా బండితోనే నూర్చుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా తమ్ముడికి కాదనలేక, నన్ను మళ్ళీ ఒంటరిదాన్ని చేసి పోదామనుకున్నారా?" అని షెడ్డులోనే అరిచాను. ఆయన తలొంచుకుని, "బామ్మర్దే కదా అనీ..." అన్నారు.

రమణ ఇంటర్‌కూలరు విప్పి, పొట్టంతా దులిపి, వెనకనుంచి నీళ్ళు కొట్టి, థర్మోస్టాటు మళ్ళీ బిగించాడు. ముల్లు కిందే నిలబడింది. పాస్‌పోర్టు బీరువాకెక్కింది.

మరుసటేడు అదే రోడ్డు, అదే మినుము. రోడ్డు వెడల్పునా పరిచేసి తమ్ముడు నవ్వుతూ చెయ్యూపాడు. ముందు సీట్లో నేను పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. కాదనండి, ఈ ఒక్కసారి కాదనండి! ఆయన బండి ఆపారు. కాదనలేదు. ఆయ్ అనీ అనలేదు. దిగి, తెల్లచొక్కా చేతులు మడిచి, మండుటెండలో ఆ చేనంతా ఒక పక్కకి లాగడం మొదలుపెట్టారు. బండి దాటించాక మళ్ళీ పరుస్తారట!

"తమ్ముడితో ఒక్కమాట చెప్పలేక ఈ చాకిరీ ఏంటండీ?" అన్నాను.

చెమట తుడుచుకుంటూ నావైపు చూశారు. "కువైట్ ఎండకంటే ఇదే నయమే."

తిట్టుకుంటూనే దిగి, రెండో పక్కనుంచి నేనూ లాగడానికి చెయ్యేశాను.