పదకొండు నల్లరాళ్ళు

ఆసిఫాబాద్ బస్టాండుల దిగినప్పుడు పొద్దున ఆరుంబావు. డిసెంబరు చలి. మాట్లాడితే నోట్లకెళ్ళి పొగ వస్తుంది. ట్రంకుపెట్టె ఒకటి, పరుపుచుట్ట ఒకటి. క్యాంపు లారీ వచ్చి ఎక్కించుకున్నది. నలభై నిమిషాలు తారు రోడ్డు, గంటన్నర మట్టి రోడ్డు. క్యాంపంటే ఆరు టెంట్లు, ఇసుక బస్తాల గోడ, ఒక బోరింగు. మా ఊరు పెద్దపల్లి దిక్కు. ఫౌజుల చేరినంక ఇంటికి ఇంత దగ్గర డ్యూటీ పడుడు అదే మొదలు. లారీ దిగంగనే దేవునికి దండం పెట్టుకున్న.

క్యాంపుకు నాలుగు కిలోమీటర్ల దూరంల, గుట్ట మీద, ఆరు పలకల రాతిస్తంభాలున్నయి. మనిషి చెక్కినవి కావు. ఎన్నడో భూమిలకెళ్ళి పొంగిన రాయి సల్లారుకుంట అట్ల పగిలిందట. వరుసగ, నిలువుగ, మనిషికి రెండింతల ఎత్తు. ఆదివారం ఆదివారం పట్నం జనం నడుసుకుంట చూడవస్తరు. గసొంటియే సముద్రం ఒడ్డున చూసిన అని ఒక అక్క చెప్పింది. అలలు వచ్చి స్తంభాల నడుమ దూరి పోతయట. మా వైర్‌లెస్ ఆపరేటర్ది కరీంనగర్. ఎవరన్న అడిగితే, గుడి కట్టెటోళ్ళు అన్నానికి పోయి మళ్ళ రాలేదని చెప్పేటోడు.

వారంల మూడు నాలుగు దినాలు ఆ బాట తిరిగి చూసుడు, ఆదివారం జనంతోని నడుసుడు మా పని. ఆడోళ్ళ సంచులు తనిఖీ చేసుడు నాకు పడ్డది. ఒంటి మీద జాకెట్, రైఫిల్, రెండు సీసాల నీళ్ళు, దెబ్బ తగిలితె కట్టేందుకు గుడ్డ. మొదటి దినమే కమాండర్ చెప్పిండు: "బాట మీద నిన్న లేనిది ఇయ్యాల ఉన్నదంటె అది మంచిది కాదు." చెయ్యి పెట్టద్దు, కింద మందుపాతర ఉండొచ్చు. ఇరిగిన కొమ్మ, బీడీ ముక్క, ఏదైనా సరే, టైముతోని ఆయన నోట్‌బుక్కుల ఎక్కేది.

ఇంటికాడ ఉండెటోళ్ళకు ఇది సమజయితదో కాదో. రెండు వారాలకు నాకు బాట మీద ఏదీ ఉత్తదిగ కనబడలే. మేక మెడల గంట మోగకపోతే ఎందుకు మోగలేదనిపించేది. 

మా క్యాంపుకు అందరికన్న ఎక్కువ అనుమానం మారు దాదా మీద. అరవై దాటిన గోండు పెద్దమనిషి, కింద గూడెంలుంటడు. ఆదివారాలు జనానికి బాట చూపెడతడు, దానికి ఆయన దగ్గర పాసు ఉన్నది. ఆ పాసుతోనే ఆయన ఇల్లు గడుస్తది. గుట్టకు పోయే బాటల రెండు కొండల సందు కాడ రాళ్ళ కుప్ప ఒకటున్నది. వచ్చినప్పుడల్లా కింద పారే ఒర్రెల నుంచి ఒక రాయి తెచ్చి దాని మీద పెట్టి ముందుకు నడిచేటోడు. ఎందుకు దాదా అని అడిగిన. తాతలు పెట్టిండ్రు, తనూ పెడుతున్నడట. పోయి వచ్చెటోళ్ళను బాట తల్లి చూసుకుంటదట.

ఒకనాడు స్తంభాల మీద మంచుతడికి నా బూటు జారింది. గుట్ట అంచు దాటితె కింద ముప్పై అడుగుల లోతు. ఆపరేటర్ నా జాకెట్ పట్టె దొరకబట్టిండు. "అక్కా, నువ్వు పోతె పోయినవు గని సెట్టు నా దగ్గర్నే ఉన్నది, కబురు నేనే చెప్పాలె గద" అని నవ్విండు. నేను స్తంభం పట్టుకొని కిందికి దిగిన. 

నేను బడికి పోకముందటి ముచ్చట. మా అవ్వ ఇంట్లనే అక్షరాలు దిద్దిపిచ్చింది. అక్షరాలతోని ఇంకోటి కూడ నేర్పింది: మంచి జరిగిననాడు ఊకుండద్దు, ఆ ముచ్చట దేవునికి చెప్పుకోవాలె. అందుకే స్తంభాల కింద రాలిన పెచ్చు ఒకటి జేబుల వేసుకున్న. తిరిగొచ్చేటప్పుడు వరుసల నేనే ఆఖరు. సందు కాడ కుప్ప మీద పెట్టిన. అప్పటిసంది గస్తీకి పోయి క్షేమంగ మళ్ళినప్పుడల్లా ఒకటి. ఎవ్వలు చూడలేదనుకున్న.

మూడు వారాలకు, ఒక ఆదివారం, పదకొండూ ఇరవైకి కమాండర్ కుప్ప కాడ ఆగిండు. నోట్‌బుక్కు తెరిచిండు. దాదా వచ్చేది ఆదివారమే. కాని కుప్ప వారం నడుమ పెరుగుతుంది. గస్తీ పోయిన దినమే పెరుగుతుంది. పదకొండు గస్తీలు, పదకొండు రాళ్ళు. ఈ ముసలాయన చాటుంగ వచ్చి రాయి పెట్టి, మేము ఎన్నిసార్లు తిరిగినమో అడవిల దాగినోళ్ళకు లెక్క చెప్తున్నడని తేల్చిండు.

జనాన్ని ఇద్దరు జవాన్లతోని వాపస్ పంపిండు. దాదా పాసు తీసుకున్నడు, చేతికట్టె తీసుకున్నడు. బండ మీద కూసోబెట్టిండు. ఆపరేటర్ సెట్టు ఎత్తిండు. "బేస్, ఒక మనిషిని ఆపినం. ఠాణాకు బండి కావాలె. ఓవర్." అటు నుంచి జవాబు: "ఒంటిగంటకు బయలెల్తది. ఓవర్."

దాదాకు కాపలా నేను. ఆరడుగుల దూరంల, రైఫిల్ పట్టుకొని. నోరు తెరిస్తె ఆర్డర్ తప్పింది నేనే అని తేలుతది. నౌకరీ పోవచ్చు. తెరవకపోతె ఆయన పాసు పోతది, ఆయన ఠాణాకు పోతడు. గంటకు మీదనే అట్ల నిలబడ్డ.

కమాండర్ మళ్ళ మళ్ళ అడుగుతున్నడు. దాదా ఒక్కటే మాట చెప్పిండు. "నావి నేను పెట్టిన. మిగిలినయి ఎవలియో వాళ్ళే చెప్పాలె."

నా దిక్కు చూడలే. చూడకపోవుడే నాకు తగిలింది.

"సార్, ఆ పదకొండు నావి."

"నిన్ను ఎవలు చెప్పమన్నరు?" అన్నడు కమాండర్. ఇప్పుడు ఆయన కండ్లు నా మీద.

"ఏరి చూపెడత సార్."

రైఫిల్ ఆపరేటర్‌కిచ్చి కూసున్న. దుమ్ము పట్టి రాళ్ళన్ని ఒక్కతీరే కనబడేటియి. చెయ్యి పెట్టద్దనేది ఆర్డరాయె, అందుకే ఎవ్వలికీ ఎరుక పడలే. చేతులకు తీసుకుంటె తెలుస్తది. ఒర్రె రాయి గుండ్రం. స్తంభం పెచ్చుకు అంచు ఉంటది, లోపల నలుపు. కొంగు లేదాయె, ఒక్కొక్కటి చొక్కాకు తుడిచి, వరుసగ పెట్టిన. పదకొండు. కమాండర్ రాళ్ళను చూసిండు, నోట్‌బుక్కు చూసిండు. సెట్టు దిక్కు చెయ్యి చూపిండు.

"బేస్, బండి వద్దు. ఓవర్." ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువ.

పది దినాలు ఇసుక బస్తాలు మోసిన. సెలవు పోయింది. నౌకరీ పోలే, దానికి దేవునికి ఇప్పటికీ దండం పెడత. దాదాకు పాసు వాపస్ ఇచ్చిండ్రు, కాని ఇగ ముందల రాళ్ళు పెట్టుడు లేదని కమాండర్ గట్టిగ చెప్పిండు. మాఫ్ చెయ్యమని దాదాతోని ఎవ్వలూ అనలే.

దిగేటప్పుడు నేనే అన్న. నావని నీకు ముందే ఎరుకనా దాదా అని అడిగిన.

"ఒర్రె కాడ ఉండి చూసిన బిడ్డా. అది నీకూ తల్లికీ నడుమ ముచ్చట. నేనెట్ల చెప్త?" 

ఇంటికొచ్చి నాలుగేండ్లయితుంది. మా అవ్వ నన్ను చూడంగనే దేవుని దీపంల నూనె పోసింది. మా వాడకట్టు పిల్లలు తుపాకి ముచ్చట్లు అడుగుతరు. చెప్తనే ఉంట. నా కండ్లల్ల ఉండేది మాత్రం రాళ్ళు బందయిన తర్వాతి ఆదివారాలు. దాదా ముందట, మేము ఎనక. సందు దగ్గరికి రాంగనే కట్టెను చంకల పెట్టుకునేటోడు. రెండు చేతులు పక్కలకు చాపి, అరచేతులు మా దిక్కు తిప్పి, కుప్పను చూడకుంట దాటేటోడు. రాయి లేని ఖాళీ అరచేతులు. నేను వరుసల ఆఖరున ఉన్నా కనబడేటంత ఎత్తుల పట్టేటోడు.