ఉత్తరేణికి పూసిన తంగేడు

నా చిన్నప్పుడు మా వాడకట్టులో ఎవరింట్లో నవ్వు వినిపించినా, దాని వెనక నేనే ఉన్నానని పెద్దవాళ్లు చూడకుండానే తేల్చేసేవారు. పోస్టుమ్యాన్ దగ్గు, మా సారు చెవి గోక్కునే తీరు, అన్నీ చేసి చూపించేదాన్ని. చదువొక్కటే వెనక, మిగతావన్నీ ముందే. ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో టిఫిన్ బండి నడుపుతున్నా ఆ నోరు మూతపడలేదు. ఒక్క మాట దగ్గర తప్ప. ఆ సంగతే ఇది.

పక్కింటి అక్క రోజూ బస్సెక్కి పట్నం పోయి డిగ్రీ చదివేది. మొక్కల చదువు. "ఆకు గురించి మూడేండ్లు చదువుడేందక్కా, మా మేక మూడు నిమిషాల్ల నమిలేస్తది" అని ఎక్కిరించేదాన్ని. కోపం చేసుకునేది కాదు. స్నేహితురాలితో ఒకసారి యూనివర్సిటీ చూసి వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు అదే లోకమైంది. అక్కడొక పొడవాటి వరండా ఉందట. ఒక తలుపు మీద వృక్షశాస్త్రం, పక్క తలుపు మీద జంతుశాస్త్రం, ఆపైన జన్యుశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, జీవరసాయనం. అందరూ చదివేది ప్రాణం గురించే, ఒక్కొక్కరు ఒక్కొక్క తలుపులోంచి చూస్తారని చెప్పేది.

"మా బర్రెది ఏ తలుపక్కా?"

"మీ బర్రెది రెండో తలుపు. నీదేదో ఆళ్లకు గూడ తెల్వదే."

మొదటి తలుపులో ఎమ్మెస్సీ సీటు రావాలన్నది ఆమె కోరిక. ఆ రోజుల్లో డిగ్రీ మార్కులు చూసే సీటిచ్చేవారు. ఈ ఏడాది వస్తే పంపిస్తాను, రాకపోతే చదువు మాట మళ్లీ ఎత్తొద్దని వాళ్ల బాపు ముందే తేల్చి చెప్పాడు.

చివరి ఏడాది పరీక్షకు ఎండు మొక్కల పుస్తకం ఒకటి తయారుచేసి చూపించాలి. హెర్బేరియం అనేది అక్క. చెరువు కట్ట మీద, మంచాల ఊరి దారిలో చేల గట్ల మీద ఇద్దరం తిరిగి తంగేడు, ఉత్తరేణి, గునుగు, పల్లేరు తెచ్చేవాళ్లం. వాటిని పాత పేపర్ల మధ్య పరిచి, పైన ఇసుర్రాయి పెట్టేది. రాయి చాలనప్పుడు నన్ను ఎక్కి కూర్చోమనేది. నా బరువు చదువుకు పనికొచ్చింది అప్పుడే. తడి పీల్చిన పేపర్లు రోజూ మార్చాలి, లేకపోతే ఆకు నల్లబడుతుంది. నెలల తరబడి మార్చింది. ఎండిన మొక్కను అట్ట మీద అంటించి, కింద మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ రాసి, సేకరించినవారు అన్న చోట సంతకం పెట్టేది.

పరీక్ష రోజు పొద్దున అక్క స్నానానికి పోయింది. అట్టల కట్ట మంచం మీద ఉంది. నాకు చెయ్యి దురద పెట్టింది. మిగిలిపోయిన ఎండు తంగేడు పువ్వొకటి తీసి, ఉత్తరేణి కొమ్మ చివర బంకతో అంటించాను. ఎంత బాగా కుదిరిందో! రోజూ బయల్దేరే ముందు అక్క ప్రతి అట్టా ఒకసారి తిప్పి చూసుకునేది. చూస్తుంది, నా చెవి మెలిపెడుతుంది, ఇద్దరం పడీ పడీ నవ్వుతాం. నా లెక్క అంతే.

ఆ రోజు చూడలేదు. బస్సు ముందే వచ్చిందని ఎవరో కేకేశారు. అక్క కట్ట చంకన పెట్టుకుని ఉరికింది. నేనూ వెంట ఉరికాను. బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడి చెయ్యి ఊపాను. ఒక్క కేక వేస్తే సరిపోయేది. పట్నంలో కూడా నవ్వుతారులే అనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

సాయంత్రం అక్క వాళ్ల అరుగు మీద కూర్చుని, నా ముందే వాళ్లమ్మకు చెప్పింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ అట్ట చూసి, ఒకటి కల్పించినదానివి అన్నీ కల్పించే ఉంటావని పుస్తకం మొత్తం పక్కన పడేశాడట. ఎవరు చేశారని అడిగాడట.

"ఏం చెప్పినవ్ బిడ్డా?"

"నేనే అన్న. కింద సంతకం నాదే గద అమ్మా."

ఆ మాట అంటూ నా వైపు చూసింది. కోపంగా కాదు. నీళ్ల కుండ దగ్గర వరుసలో ముందుకు రమ్మని చిన్నపిల్లకు చోటిచ్చినట్టు, కొంచెం ఆగి చూసింది. ఆ చోటు నాకోసమేనని పదకొండేళ్ల పిల్లకు కూడా అర్థమైంది. నోరు తెరిచాను.

"ఆ సారుకు కండ్లద్దాలు మార్పియ్యాలె" అన్నాను.

వాళ్లమ్మ నవ్వింది. అక్క కూడా నవ్వింది, తర్వాత లోపలికి పోయింది.

యూనివర్సిటీ జాబితాలో అక్క పేరు రాలేదు. వాళ్ల బాపు మాట మాటే. మంచాలలో ఒక ప్రైవేటు బళ్లో సైన్సు చెప్పడానికి చేరి, జీవితమంతా నల్లబల్ల మీద ఆకులు గీసింది. సాయంత్రాలు నాకూ చదువు చెబుతానని పిలిచేది. ఆమె ఎదురుగా కూర్చోలేక తప్పించుకు తిరిగి, చివరికి బడే మానేశాను. లెక్కలు నాకు భయపడి పారిపోయాయని బండి దగ్గర పిల్లలకు చెప్తుంటాను. నవ్వుతారు.

మొన్నటేడు అక్క దవాఖానలో ఉందని తెలిసి పోయాను. ఈసారి చెప్పాలనే పోయాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. చాలా చిక్కిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "ఇంకేమన్నా చెప్పేదున్నదానే?" అని అడిగింది.

"ఉన్నదక్కా. ఈ దవాఖాన ఇడ్లీ కన్నా మీ ఇసుర్రాయి మెత్తగుంటది" అన్నాను.

దగ్గొచ్చేదాకా నవ్వింది. నా చెయ్యి మాత్రం కాసేపు వదల్లేదు. ఇంకా ఎదురుచూస్తోందని తెలుసు. నర్సు వచ్చి టైమైందంటే లేచి వచ్చేశాను. మూడో రోజు పోయింది.

అక్కా, ఆ పువ్వు నేనే అంటించిన.

ఇంతే మాట. నాలుగు ముక్కలు. పొద్దున పిండి కలుపుతూ రోజూ అంటాను. ఎంత తేలిగ్గా వస్తుందో ఇప్పుడు.