ఎర్రని మరకలు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో తిరుపతికి దగ్గర్లో ఒక పోలీసు స్టేషన్లో నేను రైటరుగా ఉండినాను. కేసు కాగితాలన్నీ రాసేది నేనే. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని చిత్తూరు కోర్టు దాకా పేరు.

ఒకసారి సత్రం కావలివాణ్ణి ఎవరో తలమీద కొట్టి చంపినారు. ముందురోజు అతనితో గొడవపడిన కొయ్యబొమ్మలు చెక్కే ఒకాయన్ను పట్టుకొచ్చినారు. పంచె నిండా ఎర్రని మరకలు. పంచనామాలో ‘రక్తపు మరకలు’ అని రాసినాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“సామీ, అది నెత్తురు కాదు. ఎర్రచందనం పొట్టు. సెమటకు అంటుకుంటాది” అని ఆయన మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. పంచె పరీక్షకు మద్రాసు పోయింది. ఆయన సబ్‌జైలుకు పోయినాడు.

వారం తర్వాత ఆయన భార్య వచ్చి నా బల్ల ముందర నిలబడింది. కొంగు చాపి చూపించింది.

“సూడయ్యా, నా సీర కూడా ఎర్రగుండాది. దినామూ ఆ పొట్టు ఎత్తేది నేనే. నేనెవర్ని సంపినాను? నన్నూ లోపలెయ్యండి.”

అది నెత్తురో కాదో డాక్టరుకైతే తెలుస్తుందనుకున్నాను. ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయినాను. అక్కడి డాక్టరు పెద్దాయన, కోపిష్టి. విషయం వినగానే దూదిని స్పిరిట్‌లో ముంచి ఆమె కొంగుమీద అద్దినాడు. దూది ఎర్రబడింది. ఒక రోగికి విప్పిన కట్టుగుడ్డ తెప్పించి, దానిమీది ఎండిన నెత్తుటి మరకకు అట్లే అద్దినాడు. దూదికి రంగే పట్టలేదు.

“ఇదే రుజువని నేననను. మద్రాసు కాగితం రావల్సిందే. కానీ పరీక్ష కాకముందే రక్తమని నువ్వెట్లా రాసినావప్పా?” అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. ఇన్‌స్పెక్టరుకు చెబితే, “నీ పని రాయడం. డాక్టరీ కాదు” అని కసిరినాడు.

రెండు నెలలకు కాగితం వచ్చింది. పంచెమీద రక్తం లేదు, చెక్క రంగు మాత్రమే. ఆయన్ను వదిలిపెట్టినారు. బయటికొచ్చినప్పుడు బుగ్గలు పీక్కుపోయి ఉండినాడు. “పొరపాటు నాదే అప్పా” అన్నాను. ఆయన దండం పెట్టి పోయినాడు. తిట్టి ఉంటే బాగుండేది. కావలివాణ్ణి చంపిందెవరో చివరిదాకా తేలనే లేదు.

ఆ తర్వాత మా స్టేషన్ కిందికే వచ్చే ఒక తోటలో కొట్లాట కేసు. ఒక కొడవలి దొరికింది. ఈసారి నేను ‘ఎర్రని మరకలు, ఏమిటివో పరీక్షలో తేలవలెను’ అని రాసినాను. ఇన్‌స్పెక్టరు కాగితం నా మొహాన విసిరినాడు.

“ఎన్నేండ్లుగానో రక్తమనే రాస్తా ఉన్నాము. మార్చి రాయి.”

“రాయలేను సార్. నాకు తెలీదు కాబట్టి.”

జీవితంలో పై అధికారికి ఎదురు చెప్పడం అదే మొదలు. విసిరిన కాగితం ఏరుకుని అట్లే ఫైల్లో పెట్టినాను. ఒక్క ముక్క మార్చలేదు.

చిత్తూరులో విచారణ రోజు జడ్జిగారు పంచనామా చదువుతూ ఆ ముక్క దగ్గర ఆగి, “ఇట్లా రాసింది ఎవరు?” అని అడిగినాడు. బోనెక్కి నిలబడినాను. బొమ్మలాయన సంగతి, స్పిరిట్ సంగతి, నా తప్పుతో సహా అంతా చెప్పినాను. ఆయన కలం కింద పెట్టి విన్నాడు. “పోలీసు చూసింది రాయాల. అదేమిటో పరీక్ష చెప్పాల. ఈ సంగతి పైకి రాస్తాను” అన్నాడు.

తిరుగు ప్రయాణంలో పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సు ఎక్కడంటే అక్కడ ఆగినా నాకు విసుగు రాలేదు. పక్కనున్న మామిడికాయల వ్యాపారికి కథంతా చెప్పినాను. సగంలోనే నిద్రపోయినాడు. నేను మాత్రం పూర్తిచేసినాను.

కొన్నాళ్లకు జిల్లాలోని స్టేషన్లన్నిటికీ పైనుంచి తాకీదు వచ్చింది. పరీక్ష కాగితం చేతికి వచ్చేదాకా ఏ మరకనూ రక్తమని రాయకూడదని అందులో ఉండింది. ఇన్‌స్పెక్టరు కానిస్టేబుళ్లందర్నీ స్టేషన్ ముందర నిలబెట్టి, తాకీదు నా చేతికిచ్చి చదవమన్నాడు. తల ఎత్తకుండా మెల్లగా చదివినాను.

అయిపోయినాక ఆయన నా వైపు చూడకుండానే, “ఇంగోసారి చదువప్పా, గట్టిగా. వెనక నిలబడినోళ్లకు వినపడలేదు” అన్నాడు.

ఈసారి రోడ్డుమీద పోయేవాళ్లకు కూడా వినపడేటట్టు చదివినాను.