పాత సైలెన్సర్‌తోనే కొన్నాళ్లు

మా పక్కింటి అంకుల్ పోయారు. గుండె ఆపరేషన్ అయింది, ఇక ఇంటికి వచ్చేస్తారనే అనుకున్నాం. ఆదివారం పొద్దున ఆంటీ మా తలుపు తట్టి, "మీ అంకుల్ ఇక లేరమ్మా" అన్నారు. చాలాసేపు ఏడ్చాక, "ఆ కారు పూర్తవనే లేదు" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

దేశం కాని దేశంలో, ఈ స్టీవెనేజ్‌లో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నాకు ఎవరూ తెలియదు. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే. మీటింగ్‌లో మాట తడబడేది. ఆఫీసులో మింగినదంతా శనివారం అంకుల్ గ్యారేజీలో, టార్చిలైటు పట్టుకుని, కక్కేసేదాన్ని. ఆయన వింటూనే కారు పని చేసుకునేవారు.

ఆంటీ డ్రైవింగ్ నేర్చుకున్న పాత కారు అది. అంకుల్ దాని ఇంజిన్ విప్పి మళ్లీ బిగించారు. అది కుదురుకుంటే ఆంటీని సముద్రం దాకా తీసుకెళ్లాలని ఆశ. కానీ చూపు మందగించింది. ఇంజిన్‌లో నూనె పైకి రాకుండా ఆపే పిస్టన్ రింగులు సరిగ్గా పడ్డాయో లేదోనని ఆయనకే అనుమానం.

కొత్త సైలెన్సర్ పెట్టెలో వచ్చిన రోజు నేను ఆత్రపడ్డాను. "బిగించేద్దాం అంకుల్, కొత్తదానికి కొత్తది!"

"ఆగమ్మాయ్. రింగులు కుదురుకునేదాకా ఇంజిన్ నూనె తాగి పొగ కక్కుతుంది. ఈ కొత్తదాంట్లో పొగను శుభ్రం చేసే తేనెపట్టులాంటిది ఉంటుంది, ఆ జిడ్డుకి పాడైపోతుంది. పాతదైతే భరిస్తుంది."

"అయితే ఆ పెట్టెని హాల్లో పెట్టి పూజ చేసుకోండి!" అన్నారు ఆంటీ వంటగదిలోంచి.

"పూజ నువ్వు చెయ్యి. సాంబ్రాణి నా కారు వేస్తుంది."

కారు నెమ్మదిగా తిప్పుకొచ్చిన ప్రతిసారీ, పాత పంచె ముక్కొకటి పొగగొట్టం దగ్గర పట్టి, నూనె మరకను వెలుతురులో చూసేవారు. "ఇంకా ఉంది" అనేవారు. మీటింగ్‌లో తడబడి వచ్చిన రోజున నన్ను ఓదార్చలేదు. "నువ్వూ ఇంకా కుదురుకోలేదు. పొగ రానీ" అన్నారంతే.

మొన్న శనివారం ఆంటీ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. "నడుపు." ఊరి చివరిదాకా వెళ్లొచ్చాం. పొగ వస్తోందేమోనని దారంతా అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాను. గ్యారేజీ ముందు ఆగాక ఆవిడే వంగి, పంచె ముక్క గొట్టం దగ్గర పట్టారు.

"తగ్గిందా?"

మరక ఉంది. పోయినసారి కంటే పలచబడిందా, అలాగే ఉందా, నాకు తెలియలేదు. తగ్గిందని చెప్పాలనిపించింది. కానీ "తెలియడం లేదు ఆంటీ" అన్నాను.

"అయితే మళ్లీ వారం కూడా పాతదే ఉండనీ" అని ఆంటీ గుడ్డను మడిచారు.

గోడకు ఆనించిన కొత్త సైలెన్సర్ పెట్టెకు టేపు అలాగే ఉంది. ఇంజిన్ ఆపేసి దిగాను. కారు కింద పాత సైలెన్సర్ చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. అది ఆగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.