ఎర్విన్ మాస్టారి కేకు శిక్ష

మా ఊళ్లో ఎర్విన్ ప్లూటాని అందరూ మాస్టారనే పిలుస్తారు, నేను తప్ప. కాన్వెంటులో ఒకే బల్ల మీద కూర్చుని సిస్టర్ బెర్నార్డా చేత స్కేలు దెబ్బలు తిన్నవాళ్లం మేం. పన్నెండో ఎక్కం రానివాడికి ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఊరంతా లేచి దారిస్తుంటే నా కడుపు మండదా?

వాడికి తెలిసిన చదువల్లా తుపాకీ. అమెరికాలో మా విస్కాన్సిన్ రాష్ట్రంలో జింకల వేట నవంబరులో. అంతకు ముందు నెల, ఫైర్ స్టేషన్ హాల్లో, తుపాకీ పట్టుకుని కూడా పక్కవాణ్ణి చంపకుండా ఇంటికెలా రావాలో ఉచితంగా చెప్పేవాడు. క్లాసులో ఒకటే శిక్ష. తుపాకీ గొట్టం, ఖాళీదైనా సరే, మనిషి వైపు తిరిగిందా, తిప్పినవాళ్లు మర్నాడు సొంత చేతులతో కేకు చేసి అందరికీ పెట్టాలి. తల్లిగానీ పెళ్లాంగానీ చెయ్యి వెయ్యకూడదు. ఒకసారి మేయరు చేసిన కేకుని మా బావమరిది పశువుల కొట్టం గోడకి దన్నుగా పెట్టాడు. గోడ ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

పోయినేడు రాష్ట్ర ప్రభుత్వం మా పోలీసులకి గ్రాంటిచ్చింది. పోలీస్ స్టేషన్లో జనానికి తుపాకీ జాగ్రత్తలు చెప్పాలి. వచ్చినవాళ్లందరికీ తుపాకీకి వేసే తాళం ఉచితం. చెప్పేది ఆఫీసర్ టెస్సా రింగ్‌డాల్. పన్నెండేళ్లప్పుడు ఎర్విన్ దగ్గరే నేర్చుకున్న పిల్ల.

ఆ అక్టోబరులో ఎర్విన్ క్లాసుకి ఇద్దరమే వెళ్లాం. కాఫీ కోసం నేను, చలికి తాళలేక ఫైర్ స్టేషన్ కుక్క.

“తాళంకప్ప ఇస్తే పోతార్రా జనం?” అన్నాడు ఎర్విన్.

“కుర్చీలు కూడా మెత్తనివట,” అన్నాను. నా కడుపు మంట కాస్త చల్లారింది.

“శనివారం మనమూ పోదాం. ఆ పిల్ల ఒక్క తప్పు చెబితే చాలు, నలుగురిలో పట్టుకుంటా. నా జనం నాకు తిరిగొస్తారు.”

వెళ్లాం. నలభై మంది ఉన్నారు. ఎర్విన్ ముందు వరసలో కొంగలా మెడ చాచి రెండు గంటలు కాచుకున్నాడు. తప్పు దొరకలేదు. ఎలా దొరుకుతుంది? ఆ పిల్ల చెప్పేదంతా వాడు నేర్పిందే. వాడికి అదీ కష్టంగానే ఉంది.

చివరికి తుపాకీతో కంచె దాటే పాఠం వచ్చింది. తూటాలు తీసి, తుపాకీని కంచె కింద నుంచి అవతల పెట్టి, తర్వాత మనం దాటాలంది టెస్సా.

“అంత తేలిగ్గా చెబితే ఎలాగమ్మాయ్?” అంటూ ఎర్విన్ లేచి, పాఠం కోసం బల్ల మీద పెట్టిన నారింజరంగు ప్లాస్టిక్ తుపాకీ అందుకుని, చూపించడానికి గిరుక్కున తిరిగాడు. గొట్టం ముందు వరస మొత్తాన్నీ పలకరించుకుంటూ వెళ్లి టెస్సా పోలీసు బిళ్ల మీద ఆగింది.

 నలభై మందీ కేకు గురించే ఆలోచిస్తున్నారని నాకు వినబడింది.

టెస్సా రెండు వేళ్లతో గొట్టాన్ని నేలకి దించింది. “మాస్టారూ, ఆపిల్ వేస్తారా, చెర్రీనా?”

“ఇది ప్లాస్టిక్‌ది.”

“ఖాళీదైనా సరే అన్నదెవరు మాస్టారూ?”

 ఆదివారం రెండో క్లాసుకి ఎర్విన్ చెర్రీ కేకు తెచ్చాడు. దాని బరువుకి ట్రక్కు ఎడమవైపు ఒరిగింది. బల్ల మీద పెట్టగానే నలభై మందీ లేచి నిలబడ్డారు.

“కంచె పాఠం ఇకమీదట మీరే చెప్పండి మాస్టారూ. గ్రాంటు కాగితంలో సహాయకుడని రాస్తాను,” అంది టెస్సా.

“సహాయకుణ్ణా? నా పేరు నీ పేరుకి పైన రాయి.”

“గ్రాంటు ఒప్పుకోదు. పైన పోలీసు పేరే ఉండాలి.”

వాడు ఒక ముక్క కేకు నమిలేంత సేపు ఆలోచించాడు. నమలడానికి చాలాసేపు పట్టింది. “సరే. కంచె మాత్రం నాదే తెచ్చుకుంటా,” అన్నాడు.

డెబ్భై ఏళ్లలో నా గొట్టం ఒక్కసారీ మనిషి వైపు తిరగలేదు. నా కోసం ఎవరూ లేచిందీ లేదు. అందుకే ఇప్పటినుంచే పిండి కలపడం నేర్చుకుంటున్నాను. వచ్చే అక్టోబరులో ఆ ప్లాస్టిక్ తుపాకీ నా చేతికి రాకపోతుందా?