మావయ్య చిటికెనవేలి నీలం

మొన్న మా కోడలు గిన్నెలు తోముకోవడానికి ఒక జత రబ్బరు తొడుగులు కొనుక్కొచ్చి సింకు పక్కన పెట్టింది. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లినవాణ్ణి, వాటిలో ఒకదాన్ని పంపు కింద పెట్టి నిండా నీళ్లు పట్టి, మూతి బిగించి పైకెత్తి, ఐదు వేళ్లూ ఒక్కొక్కటే నొక్కి చూస్తూ నిలబడిపోయాను. ఆవుపొదుగులా వేలాడుతున్న ఆ వస్తువునూ నన్నూ కాసేపు చూసి, ఆమె టీ పెట్టింది. మంచి పిల్ల. ఈ వయసులో మనం చేసే పనులకు కారణం అడగకపోవడాన్ని మించిన మర్యాద లేదు. కారణం మాత్రం ఉంది. అది డెబ్బైల నాటిది.

బెజవాడలో కెమిస్ట్రీ బి.ఎస్సీ. రెండో తరగతిలో గట్టెక్కి, ఇక దేశం నన్ను ఉపయోగించుకోవడమే తరువాయి అని ఎదురుచూస్తే, దేశం ఏమాత్రం తొందరపడలేదు. చివరికి చల్లపల్లి దాటాక ఒక నేత ఊళ్లో, మా మేనమామ పనిచేసే అద్దకం షెడ్డుకే నన్ను సూపర్‌వైజరుగా వేశారు. మావయ్య ఇంట్లోనే ఉంటూ, మావయ్య అన్నమే తింటూ, పగలంతా మావయ్య మీద అధికారం చెలాయించడం నా ఉద్యోగం. అంత సుఖమైన ఉద్యోగం మళ్లీ దొరకలేదు.

ఆ షెడ్డు ఇప్పటికీ కలలోకి వస్తుంది. కాలవ గట్టు పొడవునా వెదురు గడల మీద చిలపలుగా చుట్టిన నూలు పోగులు వరసగా ఆరేసి ఉండేవి. గాలి వీచినప్పుడల్లా ఎరుపులోంచి పసుపు, పసుపులోంచి నీలం తొంగిచూసి మళ్లీ దాక్కునేవి. కింద గుంటల్లో నిలిచిన రంగునీళ్లలో తిరిగి తిరిగి, మా అత్తయ్య పెంచుకునే తెల్ల బాతులు సాయంత్రం ఏ రంగు పొట్టలతో ఇల్లు చేరితే, ఆ రోజు మగ్గాలకు ఏ నూలు వెళ్తుందో ఊరందరికీ తెలిసిపోయేది. మన కాలంలో సమాచార వ్యవస్థ ఆ మాత్రం బాగానే ఉండేదని మీకూ గుర్తుండే ఉంటుంది.

మావయ్య చేతులు మోచేతుల దాకా నీలం. కాస్టిక్ సోడా కలిపిన తొట్టిలో చెయ్యి పెట్టి, రెండు వేళ్ల మధ్య నీటిని రాసి, ఆ జారుడును బట్టి సోడా పాళ్లు సరిపోయాయో లేదో చెప్పేవాడు. నేను గాజు గొట్టాలతో అరగంట కుస్తీపట్టి అదే మాట చెప్పేవాణ్ణి. నేతగాళ్లు వస్తే నా లెక్క అడిగేవారు కాదు, మావయ్య చెయ్యి చూసేవారు. ఆ చేతికి పట్టిన రంగు నెలకైనా వదలలేదంటే చీరకూ వదలదని వాళ్ల నమ్మకం.

అయితే ఆ కాస్టిక్కే మావయ్య వేళ్లను తినేస్తోంది. కణుపుల దగ్గర చర్మం బీటలువారి, ఉప్పూ కారం తగిలితే ప్రాణం లేచిపోయేది. గోంగూర పచ్చడి కోసం పెళ్లి చేసుకున్నానని చెప్పుకునే మనిషి, రెండేళ్లుగా చప్పటి పెరుగన్నం తింటున్నాడు. అత్తయ్య ఆ రెండేళ్లూ గోంగూర నూరలేదు. ఒక రోజు నాకు వడ్డిస్తూ, “అంత చదువు చదివావు కదరా, మీ మావయ్య చేత్తో మళ్లీ ఒక్క ముద్ద పచ్చడి కలుపుకునేట్టు చెయ్యలేవూ?” అంది. పరీక్షల్లో నన్నెవరూ అంత సూటిగా అడగలేదు.

మర్నాడే బస్సెక్కి బెజవాడ వన్‌టౌన్‌లో రబ్బరు తొడుగులు ఒక జత తెచ్చాను. మావయ్య న్యాయంగల మనిషి. కుడిచేతిది తను ఉంచుకుని, ఎడమచేతిది పక్క తొట్టి దగ్గర పనిచేసే తమ్ముడికిచ్చాడు. అంటే మా చిన్నమావయ్యకు. దాన్ని తొడుక్కుని ఆయన, “అన్నయ్యా, సగం పెళ్లికొడుకులా ఉన్నావు” అన్నాడు. మళ్లీ బెజవాడ వెళ్లి ఇంకో జత తెచ్చాను. తొడుగేస్తే నూలు చేతికి తెలియదని మావయ్య గొణిగాడు గానీ, మేనల్లుడు రెండుసార్లు బస్సెక్కాడన్న మొహమాటానికి వేసుకున్నాడు. సాయంత్రం పని కాగానే, సూపర్‌వైజరుకు ఉండవలసిన శుభ్రత కొద్దీ, ఆ రెండు జతలనూ నేనే గోడకున్న మేకులకు తగిలించాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి తొడుగు తీస్తే, మావయ్య కుడిచేతి రెండు వేళ్లు ఉడికిన చేమదుంపల్లా తెల్లగా మెత్తబడి ఉన్నాయి. మేకు పొడిచిన చిల్లులోంచి కాస్టిక్ లోపలికి చేరి, బయటికి పోయే దారిలేక, పొద్దుటి నుంచీ అక్కడే కూర్చుని తన పని తాను చేసుకుపోయింది. వట్టి చెయ్యి అయితే ఎప్పుడో కడిగేసుకునేవాడు. మంట పుట్టలేదా అని అరిచాను.

“పుట్టింది అల్లుడూ. కొత్త చెప్పు కరవదా ఏంటి? ఇది కూడా నాలుగు రోజులు కరిచి ఊరుకుంటుందిలే అనుకున్నా” అన్నాడు.

పంపు కింద ఆ చేతిని ఎంతసేపు పట్టుకు కూర్చున్నానో నాకు తెలియదు. తర్వాత చల్లపల్లి డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లాను. నెల పైనే అత్తయ్య ఆయనకు అన్నం కలిపి పెట్టింది. నాకు కూడా ఎప్పటిలాగే అడిగి మరీ వడ్డించింది. తిట్టి ఉంటే కొంత తేలికగా ఉండేది. ఆ రోజుల్లో షెడ్డులో మేకులన్నీ పీకాను. నా చదువంతటినీ నేను సంపూర్ణంగా వినియోగించిన పని అదొక్కటే.

తొడుగుల పెత్తనం ఆ తర్వాత అత్తయ్యకు పోయింది. సంతలో కుండ కొనేముందు నీళ్లు పోసి చూసినట్టు, రోజూ పొద్దున్నే పెరట్లో ఒక్కొక్క తొడుగునూ నీళ్లతో నింపి, వేలు వేలూ నొక్కి, చెమ్మ కనబడితే పక్కన పారేసేది. అంచులు బయటికి మడిచి తొడిగేది, చెయ్యెత్తినప్పుడు రంగునీళ్లు మోచేతికి జారకుండా. సాయంత్రం చేతికుండగానే పైన కడిగించి, తర్వాత తీయించి, నీడలో బోర్లించిన చెంబుల మీద ఆరబెట్టేది. దూరం నుంచి చూస్తే పెరట్లో ఎవరో నలుగురు చేతులెత్తి నిలబడ్డట్టుండేది. బాతులు కొన్నాళ్లు అటు వెళ్లలేదు.

మూడు నెలలకు బీటలు పూడాయి. ఒక ఆదివారం వీధి మొదట్లోకే గోంగూర వాసన వచ్చింది. మావయ్య వేడన్నంలో పచ్చడి వేసుకుని, కాస్త భయపడుతూనే కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. “ఉప్పు తక్కువైంది” అన్నాడు. అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది, ఉప్పు కోసమే అయి ఉంటుంది.

చేతులు బాగుపడ్డాయి గానీ వాటి నీలం పోయింది. నేతగాళ్లు ఆ మామూలు చేతులను అనుమానంగా చూడసాగారు. అప్పుడు మావయ్య ఒక ఉపాయం చేశాడు. పనంతా ముగిసి తొడుగులు తీశాక, ఒక పుల్లతో చిటికెనవేలి గోటికి మాత్రం ఆ రోజు రంగు చుక్క పెట్టుకునేవాడు, ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకున్నంత శ్రద్ధగా. వచ్చినవాళ్లకు ఆ వేలు చూపించేవాడు. వ్యాపారం సాగింది.

ఇప్పుడు తొడుగులకు లోటు లేదు. ఒకసారి వేసుకుని పారేసేవి పెట్టెలకొద్దీ దొరుకుతున్నాయి, ఎవరూ నీళ్లు పోసి చూడరు. అందరి చేతులూ శుభ్రంగా, ఒక్కలాగే ఉంటున్నాయి. చెయ్యి చూసి మనిషి పనేమిటో చెప్పే రోజులు పోయాయి. మంచిదే. అందుకోసం రెండుసార్లు బస్సెక్కినవాణ్ణి నేనే కదా.

నేను ఆ ఊరు వదిలాక షెడ్డు మూతపడింది. ఆ తర్వాత కొన్ని నెలలకు చూడటానికి వెళ్తే, మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చిటికెనవేలి గోరు మొదట మామూలుగా పెరిగి, నీలమంతా కొసకు జరిగిపోయి, సన్నటి నెలవంకలా మిగిలింది. తక్కిన తొమ్మిది గోళ్లూ నీటుగా కత్తిరించి ఉన్నాయి. ఆయన గోళ్లు కత్తిరించేది అత్తయ్యే.