మా దవాఖాన, వాళ్ల దవాఖాన

నాకు కుదురుగా ఒకచోట కూర్చోవడం చేతకాదు. కుట్టుమిషను ముందు కూర్చునే పనితోనే ఇన్నేళ్లు బతికిన నేను ఈ మాట అనడం నవ్వులాటగానే ఉంటుంది. జడ్చర్ల బస్టాండు వెనక సందులో నా దుకాణం. జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. దారం అయిపోయిందని లేస్తాను, చాయ్ చెప్పడానికి లేస్తాను, ఎదురింట్లో గొంతు పెరిగితే సంగతేంటో చూడటానికి లేస్తాను. ఒక్కరోజు మాత్రం లేవాల్సిన వేళ లేవలేదు. అప్పటి నుంచి కూర్చున్నా లేచినా అదే గుర్తుకొస్తోంది.

మా మేడమీద గదిలోకి కాబూల్ పిల్ల కిరాయికి దిగింది. ఊరి బయట కాలేజీలో మందుల చదువు, ఫార్మసీ. అక్కడ సర్కారు మారి, దేవుడి పేరు మీద కొత్త హుకుములు మొదలుకాకముందే ఈ దేశం వచ్చింది. గది చూడటానికి వచ్చినప్పుడు ఆధార్ అడిగితే పాస్‌పోర్టు తీసి చూపింది. "గా దేశం పిల్లనా, జర సోచాయించు" అన్నారు సందులోవాళ్లు. ఎవరైనా అట్లా ఆలోచించుకోమంటే నాకు మొండితనం వస్తుంది. ఆ పొద్దే తాళంచెవి ఇచ్చేశాను.

నా ఉర్దూ సంతలో నేర్చింది, ఆమెది టీవీలో నేర్చింది. రెండూ కలిపితే ఎట్లాగో పని జరిగేది. అయినా మా మాటలు సగం ఆమెకు ముందే తెలుసు. దర్వాజ అంటే వాళ్లకూ దర్వాజే. దుకాణం, కిరాయి, జేబు అన్నీ అవే. మామ అంటే వాళ్లకూ అమ్మ తోడబుట్టినవాడే. నన్ను ఖాలా అని పిలిచేది, అంటే చిన్నమ్మ.

కొన్ని మాటలు మాత్రం ముఖం ఒకటి, గుణం ఒకటి. మొదటి పరీక్షలప్పుడు నేను "ఫికర్ చెయ్యకు బిడ్డా" అంటే ఆమె కళ్లు పెద్దవి చేసింది. "ఫికర్ చెయ్యకుంటే ఎట్ల రాస్త ఖాలా?" మాకు ఫికర్ అంటే దిగులు, వాళ్ల భాషలో ఆలోచన అట. ఇంకోసారి నా మోకాలు చూపించుకోవడానికి పోతూ "దవాఖానకు పోయొస్త" అన్నాను. సాయంత్రం వచ్చి "ఏం గోలీలు కొన్నవ్?" అని అడిగింది. మా దవాఖాన అంటే ఆస్పత్రి, వాళ్ల దవాఖాన మందుల దుకాణమట. మందులు చదివే పిల్ల, మందుల దుకాణాన్ని దవాఖాన అంటుందని నేను కస్టమర్లందరికీ చెప్పి నవ్వాను. మరి మా దవాఖానను వాళ్లు ఏమంటారని అడగాలని మాత్రం నాకు తట్టలేదు.

సాయంత్రం పూట దుకాణంలో నా పక్క స్టూలు మీద కూర్చుని ఫోనులో వాళ్ల అక్క రికార్డు చేసి పంపిన మాటలు వినేది. నేను గుండీలు కుడుతూ వినేదాన్ని. అర్థం కాని చోట ఆమె చెప్పేది. ఆ అక్క కాబూల్‌లో పార్లరు నడిపింది. ఆడవాళ్ల పార్లర్లన్నీ మూయాలని హుకుం వచ్చాక అద్దాలు అమ్మేసింది, జుట్టు ఆరబెట్టే మిషన్లు అమ్మేసింది. కొనేవాళ్లు లేక ఒక తిరిగే కుర్చీ మిగిలితే, వాళ్లమ్మ చలికాలం అందులోనే పొయ్యి పక్కన కూర్చునేదట. నిన్నటి రొట్టెను వేడి చాయ్‌లో నానబెట్టుకుని తినేవాళ్లు. కూర ఎప్పుడు వండారో అక్క చెప్పేది కాదు, ఈ పిల్ల అడిగేదీ కాదు.

వాళ్లకు తండ్రి లేడు. అన్న ఇరాన్‌కు తాపీ పనికి పోయాడు. అది వినగానే నాకు మా బాపు గుర్తొచ్చాడు. మాది మర్రిగూడ దిక్కు. వానలు మొఖం చాటేసిన ఏడు బాపు మేస్త్రీ వెంట పనికి పోయేవాడు. ఆయన లేని నెలల్లో పత్తి చేను మా అమ్మే చూసుకునేది, సంతకు అమ్మే పోయేది, నాకు జ్వరమొస్తే దవాఖానకు చంకనేసుకుని అమ్మే పోయేది. మగదిక్కు లేని ఇల్లని అప్పుడు మా అమ్మను అన్నారు, మా ఆయన పోయాక నన్నూ అన్నారు. అంటారు, అంతే. దవాఖాన గేటు దగ్గర నిలబెట్టి నీ మగదిక్కు ఏదని ఎవరూ అడగలేదు. అక్కడ అడుగుతారట. తండ్రో, అన్నో, మామో పక్కన ఉండాలట.

"ఎవడు వాడు, ఆపెటోడు?" అని కత్తెర బల్ల మీద కొట్టాను.

"మనిషి కాదు ఖాలా, హుకుం" అంది.

మామ ఉన్నాడు, అదే ఊళ్లో. పార్లరు ముందే మూసెయ్యమని ఆయన చెప్పినా అక్క వినలేదని కోపం. అక్క ఫోను ఎత్తడు, ఈ పిల్ల చేస్తే ఎత్తుతాడు. మాటలన్నీ అయ్యాక వాళ్లమ్మ ఒక ముక్క తప్పకుండా పలికేది: "ఖయ్యాత్‌కు సలాం." ఖయ్యాత్ అంటే దర్జీ, అంటే నేను. ఎన్నడూ చూడని మనిషి రోజూ నన్ను తలుచుకుంటుందంటే, నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగా ఉండేది.

ఆఖరి సంవత్సరం పరీక్షలు వచ్చాయి. వాళ్లమ్మకు బీపీ. గోలీలు ఒక వారం దొరికితే ఇంకో వారం లేవు. ఆఖరి పేపరు ముందు రెండు రోజులుగా తల తిరుగుతోందని కబురు. పరీక్ష హాల్లోకి ఫోను పోనివ్వరు. పొద్దున ఆమె ఫోను తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"అమ్మకు బాగలేదని కబురొస్తె ఆటో ఎక్కి రా ఖాలా. పేపర్ ఇడిసిపెట్టి వస్త. ఏం లేకుంటే రాకు."

"గట్లనే. నువ్వు ఫికర్ చెయ్యి పో, మీ భాషల" అన్నాను. నవ్వింది.

పేపరు తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. చదువు ఆగుతుంది, కాలేజీ కాగితం రాదు, ఇక్కడ ఉండే పర్మిషను రాదు. ఆడపిల్లల కాలేజీలకు తాళాలేసిన ఊరికి తిరిగిపోవాలి.

పరీక్ష మొదలైన కాసేపటికే ఫోను మోగినట్టయి ఆగింది. అక్క మాట వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. గబగబా మాట్లాడింది. దవాఖాన అనే మాట కోసం వెతికాను. లేదు. 'మాదర్' అంది, అది తల్లి. 'షఫా' అంది. మా సందులో మందులిచ్చే ముసలి హకీం చేతిలో షిఫా ఉందని అనుకుంటాం, అంటే నయమైంది. 'ఖానా' అంది, అంటే అన్నం. 'మామా' అంది. నాలుగూ కలిపి కుట్టేశాను. తల్లికి నయమైంది, అన్నం తిన్నది, మామ కోపం ఇడిసిపెట్టి వచ్చాడు. మళ్లీ విన్నాను. మొత్తం ఐదుసార్లు విన్నాను. ఆటోలు దుకాణం ముందే నిలబడి ఉన్నాయి. కాలేజీ ఎంతో దూరం లేదు.

లేవలేదు. ఒక కస్టమరు ఇచ్చిన పూల జాకెట్ గుడ్డ పరిచి చేతులు కోయడం మొదలుపెట్టాను. గుడ్డ మడతపెట్టి కోస్తే కుడి, ఎడమ వాటంతటవే వస్తాయి. నిన్న మొన్న పనిలో చేరిన పిల్లకు కూడా తెలిసిన సంగతి. నేను విడివిడిగా పరిచి రెండూ ఎడమ చేతులే కోశాను. చూసుకుని నన్ను నేనే తిట్టుకున్నాను.

మధ్యాహ్నం పరీక్ష ముగించి ఆమె దాదాపు ఉరుకుతూ వచ్చింది. "మంచిగ రాసిన ఖాలా."

"ఇంకో మంచి కబురు. మీ అమ్మకు షిఫా అయింది, ఖానా తిన్నది, మామ గూడ వచ్చిండు."

సంబరంగా ఫోను అందుకుని విన్నది. ముఖంలో నవ్వు ఇంకా ఉండగానే కళ్లు మారిపోయాయి. అది షఫా, ఖానా కాదు. షఫాఖానా, ఒకటే మాట. మా దవాఖానను వాళ్లు అట్లా అంటారు. అమ్మకు ఒకపక్క పడిపోయింది, షఫాఖానా గేటు ముందు ఉన్నాం, మగమనిషి లేకుండా లోపలికి పోనివ్వడం లేదు, నా ఫోను మామ ఎత్తడు, నువ్వు చెప్పు. అక్క చెప్పింది అది.

ఆమె మామకు ఫోను చేసింది. రెండో రింగుకే ఎత్తాడు. వెంటనే బయల్దేరాడు. అప్పటిదాకా వాళ్లమ్మ గేటు బయట, కూతురి ఒళ్లో తల పెట్టుకుని నేల మీదే ఉంది.

వాళ్లమ్మ బతికింది. కుడి చెయ్యి లేవదు. మాట పోయింది. ముందే తెస్తే మాట నిలిచేదేమోనని అక్కడి డాక్టరు అన్నాడట. అనలేదని నాకు చెప్పి ఉంటే బాగుండేది, కానీ ఈ పిల్లకు అబద్ధం రాదు.

పరీక్ష పాసయింది. పర్మిషను వచ్చింది. ఇప్పటికీ సాయంత్రాలు అదే స్టూలు మీద కూర్చుంటుంది. అక్క మాట్లాడడం అయ్యాక చివర్లో గొంతులో ఏదో గరగర వినిపిస్తుంది. "అమ్మ. నీకు సలాం చెప్తుంది" అంటుంది. నేను మిషను తొక్కడం ఆపి తలాడిస్తాను.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఏడిస్తే నా చెయ్యి పట్టుకుని "నీకు తెల్వదు కద ఖాలా" అంది. ఇప్పటికీ అంటుంది.

ఆ మాటలు నాకు తెలియవు, నిజమే. ఆ గొంతు మాత్రం తెలుసు. చంకలో జ్వరం పిల్లతో ఉరుకుతూ మా అమ్మ దారినపోయేవాళ్లను పిలిచిన గొంతు అది. అమ్మ అన్నం తిన్నదని చెప్పే బిడ్డ గొంతు అట్లా ఉండదు. మంచి కబురైతే ఐదుసార్లు ఎందుకు వింటాను? పిల్ల పేపరు రాసెయ్యాలని, ఆ తాళాలేసిన ఊరికి పోకూడదని నాకు ఎంత ఆశ ఉందంటే, మాటలు నాకు కావలసినట్టు కోసుకున్నాను. నా చేతులకు మాత్రం ఆ పొద్దే తెలుసు.

ఆ పూల జాకెట్ కస్టమరుకు కొత్త గుడ్డ తెచ్చి కుట్టిచ్చాను. ఆ రెండు ఎడమ చేతులు మిషను కింద సంచిలో ఉన్నాయి. మొన్న అందులో పేలికల కోసం వెతుకుతూ ఆ పిల్ల వాటిని బయటికి తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది.

"ఇది ఎట్లయింది ఖాలా?"

"తెల్వదు బిడ్డా" అన్నాను.